పంకజాక్షి రాసుకున్న తారీఖులు

పంకజాక్షి ఏ ఇంటికి వెళ్లినా ముందు మంచినీళ్లు అడుగుతుంది. దాహం ఉన్నా అడుగుతుంది, లేకపోయినా అడుగుతుంది. "నీళ్లిచ్చినోళ్లు ఉత్త అబద్ధం చెప్పలేరు సార్. సగమన్నా నిజం చెప్తారు" అని ఒకసారి నాతో అంది. తర్వాత కుర్చీ వేసినా కూర్చోదు. గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని, ఒళ్లో అట్ట పెట్టుకుని, దాని మీద ఫారం పరుచుకుంటుంది.

ప్రశ్నలు అడగడమే ఆమె ఉద్యోగం. యూనివర్సిటీలో సైకాలజీ వాళ్లు ఏదైనా పరిశోధన మొదలుపెడితే, ఇంటింటికీ వెళ్లి మనుషుల స్వభావం, నిద్ర, కోపతాపాలు, వాడే మందులు అడిగి రాసుకొస్తుంది. పరిశోధన ఉన్నన్నాళ్లే కొలువు. అది ముగిశాక ఇంకొకటి వచ్చేదాకా ఇంట్లో కూర్చోవాలి. పద్నాలుగేళ్లుగా ఇదే వరస. ఆమె రాసుకొచ్చిన జవాబులతో డాక్టరేట్లు పుచ్చుకున్నవాళ్లు అరడజను మంది ఉన్నారు. వాళ్ల మీద ఆమెకు కోపం లేదు, పిల్లల పేర్లు చెప్పినట్టు చెబుతుంది.

పుట్టింది శ్రీకాళహస్తిలో, కలంకారీ వేసేవాళ్ల ఇంట్లో. తండ్రి గుడ్డ మీద గీతలు గీసేవాడు. ఆడపిల్లలు ఆ గీతల మధ్య రంగు నింపేవాళ్లు. "ఈ పొద్దు కూడా అదే పని సార్. ఎవురో రాసిన ప్రశ్న, ఎవురో చెప్పే జవాబు. నా చెయ్యి గీత దాటగూడదు" అంటుంది. భర్త బస్సు డిపోలో మెకానిక్. పెళ్లయ్యాక దూరవిద్యలో ఎం.ఏ. చేసింది. పరీక్షలకు వెళ్తుంటే అత్తగారు "మనుషుల మనసు తెలుసుకునేదానికి పుస్తకం ఎందుకే, నన్నడుగు" అనేదట. ఆ మాటలో కొంత నిజం ఉందని పంకజాక్షే ఒప్పుకుంటుంది.

ఆమెకు కృతజ్ఞత చెప్పబోతే మాట మారుస్తుంది. అందుకని రాస్తున్నాను.

నా సంగతి కొంచెం చెప్పకపోతే ఆమె చేసినదేమిటో తెలియదు. నా పేరు గంగాధరం. చంద్రగిరి దగ్గర వేరుశనగ నూనె మిల్లులో ముప్పై ఆరేళ్లు తూకం గుమాస్తాగా పనిచేశాను. బండికీ బండికీ మధ్య ఖాళీలో పుస్తకం చదువుకునేవాణ్ణి. మాట తక్కువ. మిల్లులో హమాలీలు నన్ను మూగసామి అనేవాళ్లు. నా భార్య చంద్రకాంతమ్మ పెళ్లయిన కొత్తలో పుట్టింటికి వెళ్లి, "ఈయప్ప ఒక్కసారన్నా తిడితే బాగుణ్ణే, ఇంట్లో మనిషుండాడని తెలుస్తాది" అని చెప్పుకుందట. ఆమె అన్న ఆ మాట తరవాత ఆమెకే తగిలింది.

అరవై ఆరో ఏట, శ్రీరామనవమికి ముందు రోజు, మిద్దె మీద వడియాలకు కాపలా కూర్చుని చదువుకుంటున్నవాణ్ణి మూర్ఛ వచ్చి పడిపోయాను. పెద్దాసుపత్రిలో చూసి, తల లోపల ఎప్పటిదో పాత మచ్చ ఉందనీ, దానివల్ల వచ్చిందనీ చెప్పారు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి మాత్ర. "సొంతంగా ఆపొద్దు. నిద్రలో గానీ, కోపం, చిరాకు, దిగులు వీటిలో గానీ తేడా కనిపిస్తే నాకు చెప్పండి" అన్నారు డాక్టరు. చీటీ వెనక కూడా అదే మాట రాసిచ్చారు. నవమి నాటి నుంచి మాత్ర మొదలైంది. మూర్ఛ మళ్లీ రాలేదు. మాత్ర తన పని తాను చేసింది. ఆ మాట దాచకూడదు.

మేముండేది తిరుపతి కొర్లగుంటలో. మా వీధి వాళ్లకు కష్టమొస్తే ఒక కాలు ఆసుపత్రికి, రెండో కాలు గంగమ్మ గుడికి వెళుతుంది. ఎదురింటి వరదమ్మ, మా వీధికి పెద్ద దిక్కు, నేను ఆసుపత్రిలో ఉండగానే నా తరఫున మొక్కేసింది. మూర్ఛ తిరగబెట్టకపోతే వచ్చే జాతరలో నా చేత బండ వేషం కట్టిస్తానని.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. మా ఊళ్లో మే నెలలో గంగమ్మ జాతర వారం రోజులు. ముందు ఊరంతా చాటింపు వేస్తారు. ఆ తర్వాత రోజుకొక వేషం. బండ వేషం రోజున మొక్కున్న మగవాళ్లు ఒంటికి కుంకుమ పూసుకుని, చేత వేపమండలు పట్టుకుని వీధుల్లో తిరుగుతూ నోటికొచ్చిన బూతులు తిడతారు. పెద్దా చిన్నా తేడా లేదు. ఆ తిట్లు అమ్మవారి మాటే అని నమ్మకం. తిట్టించుకున్నవాళ్లు నవ్వి దండం పెడతారు. తిట్టకుండా దాటిపోతే బాధపడతారు.

జీవితంలో 'ఛీ' అని కూడా గట్టిగా అనలేదనుకున్న నేను ఆ రోజు వీధిలో దిగాను. ఎలా తిడతానో అని భయపడ్డాను. భయపడాల్సిన పని లేకపోయింది. తిట్లు ఊటలా వచ్చాయి. పాలవాణ్ణి తిట్టాను, కౌన్సిలరును తిట్టాను, మొక్కు మొక్కిన వరదమ్మను ఏడు తరాలు వెనక్కి పోయి తిట్టాను. ఆమె చెంపలేసుకుని "ఇంకొక్కటి సామీ, నా కోడలికి కూడా ఒకటి" అంది. మిల్లు హమాలీ మునెయ్య నన్ను చూసేందుకే చంద్రగిరి నుంచి వచ్చాడు. "ముప్పై ఏండ్లు మూతి కట్టేసుకుంటివి కదప్పా, ఇయ్యాల గట్టు తెంపు!" అని ఎగిరాడు. అతన్నీ తిట్టాను. కళ్లనీళ్లు పెట్టుకుని నవ్వాడు.

ఇంటికొచ్చి స్నానం చేశాను. కుంకుమ పోయింది. తిట్లు పోలేదు.

మర్నాడు కాఫీ చల్లారిందని చంద్రకాంతమ్మను ఒక మాట అన్నాను. ఆ వారంలో ఇంకా నాలుగు. నెల తిరిగేసరికి నేను మేలుకుని ఉన్నంతసేపూ ఇంట్లో ఎవరైనా గట్టిగా గిన్నె పెట్టడానికి కూడా జంకేవాళ్లు. కోపం వచ్చేముందు నాకేమీ తెలిసేది కాదు. వచ్చాక ఆగేది కాదు. వరదమ్మ వచ్చి చూసి తేల్చేసింది.

"వేషం దిగలేదు తల్లీ. బండ వేషం కట్టినోడు తర్వాత వచ్చే మాతంగి వేషం దాకా నడవాల. ఈయప్ప మధ్యలో ఇంటికొచ్చి నీళ్లు పోసుకుండాడు. అమ్మ యాడికి పోతాది? ఈడనే కూసోనుండాది."

"ఇప్పుడేం సేయాలక్కా?" అంది చంద్రకాంతమ్మ.

"ఏం సేస్తావు, వచ్చే జాతర దాకా ఓర్చుకో. అప్పుడు మొత్తం వేషాలు కట్టిస్తాం."

మా పొరపాటు ఇక్కడ జరిగింది. అది ఇంకే ఊరివాళ్లూ చెయ్యరేమో. మేలో ఒకసారి, జూలైలో ఒకసారి డాక్టరు దగ్గరికి వెళ్లాం. రెండుసార్లూ ఆయన మా ఆవిణ్ణి ప్రత్యేకంగా అడిగారు, "కోపం, చిరాకు ఏమైనా ఎక్కువైందా?" అని. రెండుసార్లూ ఆమె "లేదు సార్, బాగుండాడు" అంది. అబద్ధం చెబుతున్నానని ఆమె అనుకోలేదు. కోపం అయితే డాక్టరుతో చెప్పేది. ఇది కోపం కాదు కదా, అమ్మవారు కదా! అమ్మవారి మాట ఆసుపత్రిలో చెబితే అపచారం. నేను పక్కనే కూర్చుని తల ఊపాను.

నేను ఇంకో పొరపాటు చేశాను, అది నా సొంతం. అమ్మవారి మాట నేను నమ్మలేదు. చదువుకున్నవాణ్ణి కదా, అంతకంటే చెడ్డదాన్ని నమ్మాను. వీధిలో తిట్టిన రోజున నాకు కలిగిన హాయిని గుర్తు చేసుకుని, ఇదే నేననీ, అరవై ఆరేళ్ల సాధుత్వం ఉత్త పిరికితనమనీ తీర్మానించుకున్నాను. పుస్తకాల్లో ఎక్కడెక్కడో చదివిన ముక్కలన్నీ ఆ తీర్మానానికి సాక్ష్యం చెప్పడానికి వరసగా వచ్చి నిలబడ్డాయి.

ఆగస్టు ఆఖర్లో ఒక మధ్యాహ్నం. ఊరిబిండి పచ్చడిలో ఉప్పు తక్కువైంది. కంచం విసిరాను. అంచు తగిలి చంద్రకాంతమ్మ కనుబొమ పైన చిట్లింది. మూడు కుట్లు. ఆసుపత్రిలో జారి పడ్డానని చెప్పింది. మా అబ్బాయి నరేంద్ర నాయుడుపేటలో ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. సాయంత్రానికి వచ్చాడు. వాడు నన్ను పల్లెత్తు మాట అనలేదు. వాళ్లమ్మ సంచి సర్దుతూ, "నాయనా, నీకేమన్నా అయితే ఫోన్ చెయ్యి, వస్తా. అమ్మను మాత్రం మళ్లీ ఈడ వదల్ను" అన్నాడు. చంద్రకాంతమ్మ గుమ్మం దగ్గర ఆగి, మాత్రల డబ్బా ఎక్కడుందో చెప్పి వెళ్లింది. నలభై మూడేళ్ల కాపురం. వెళ్లవద్దని అనడానికి నాకు ముఖం లేదు.

ఆ తర్వాత మూడు వారాలకు పంకజాక్షి మా తలుపు తట్టింది. మూర్ఛ మందులు వాడేవాళ్ల ప్రవర్తనలో, స్వభావంలో ఏ మార్పులొస్తాయన్నది అప్పటి పరిశోధన. ఆసుపత్రిలో నేను సంతకం పెట్టిన కాగితాన్ని బట్టి వచ్చింది. నీళ్లు అడిగింది. ఇచ్చాను. నేల మీద కూర్చుంది.

ఫారంలో ప్రశ్నలు గ్రాంథికంలో ఉన్నాయి. "గత మాసంలో ఉద్రేక నియంత్రణను కోల్పోయిన సందర్భములెన్ని?" అని చదివి, ఒక్క క్షణం ఆగి, "అంటే, నోరు జారి, అయ్యో అనుకున్న దినాలు ఎన్నుండాయి సార్?" అంది. అలా మార్చి అడగడానికి ఆమె తన పై అధికారి ధనంజయ గారితో ఆరు నెలలు పోరాడి ఒప్పించుకుందని తర్వాత తెలిసింది. ఆమె మాటల్లో అడిగితేనే జనం జవాబు సరిగ్గా చెబుతున్నారని లెక్క తీసి చూసుకున్నాక ఆయన ఒప్పుకున్నారట.

"అన్ని దినాలూ" అన్నాను.

"మీరు స్వతహాగా కోపిష్టా?"

"అవును."

"ఎప్పటి నుంచి?"

"పుట్టినప్పటి నుంచి. ఇన్నాళ్లూ దాచిపెట్టుకున్నాను. ఇప్పుడు బయటపడింది."

పంకజాక్షి పెన్ను ఆపి నన్ను చూసింది. జాలిపడలేదు. రాసుకుంది. "మీరు చెప్పింది రాసినాను. మీతో ఉన్నోళ్లు ఏమంటారో కూడా రాయాల. గడిచిన ఆరు నెలల్లో ఎక్కువ దినాలు మీతో ఉన్నోళ్లెవురు?"

నా భార్య ఇక్కడ లేదని, రాదని చెప్పాను. ఎదురింటివాళ్లను అడగమన్నాను. అలాంటప్పుడు 'అందుబాటులో లేరు' అని రాసుకుని వెళ్లిపోవచ్చునట. చాలామంది అదే చేస్తారట. ఆమె నాయుడుపేట చిరునామా అడిగి తీసుకుంది. ఆ ఆదివారమే బస్సెక్కింది.

ఎందుకంత పట్టుదల అని చాలా రోజుల తర్వాత అడిగాను. పని కొత్తలో పులికాట్ సరస్సు ఒడ్డున ఒక చేపలపల్లెలో ఒక చిన్న కోడల్ని ప్రశ్నలు అడిగిందట. అత్త పక్కనే కూర్చుని రొయ్యలు ఒలుస్తోంది. దిగులుగా ఉంటుందా? లేదు. నిద్ర పడుతుందా? పడుతుంది. ఫారమంతా బాగే. నెల తిరక్కుండా ఆ పిల్ల తిండి మానేసి ఆసుపత్రి పాలైంది. "నేను అడగాల్సిన ప్రశ్న అడిగినాను సార్, అడగాల్సిన చోట అడగలా. అప్పటి నుంచి ఒక మనిషి గురించి ఇద్దర్ని అడుగుతాను, ఇద్దర్నీ వేరేవేరేగా అడుగుతాను. ఎంత దూరమైనా సరే."

నాయుడుపేటలో జరిగింది చంద్రకాంతమ్మ చెబితే తెలిసింది. మా కోడల్ని టీ పెట్టమని లోపలికి పంపి, పంకజాక్షి మా ఆవిడతో వెనక వసారాలో కూర్చుంది. చంద్రకాంతమ్మ ముందే చెప్పేసింది.

"చూడమ్మణ్ణీ, అది ఆయన కోపం గాదు. అమ్మ దిగలా. జాతరలో వేషం కట్టినప్పటి నుంచి అట్లుండాడు. ఇది నువ్వు రాసుకునేది గాదు."

"సరే పిన్నమ్మా, రాయను" అంది పంకజాక్షి. అట్ట పక్కన పెట్టేసింది. "ఊరికే అడుగుతా. వడ్డించేదానికి నీకు మొదటిసారి భయమేసిన దినం ఉంది గదా, ఆ పొద్దు ఇంట్లో ఏం వండినావు?"

ఇది ఆమె పద్ధతి. మా వైపు ఆడవాళ్లను తారీఖు అడిగితే చెప్పలేరు. వంట అడిగితే చెబుతారు. మొదటిసారి ఎప్పుడు అని అడిగితే, మనసులో ముందే ఉన్న జవాబు వస్తుంది. ఆ పూట పొయ్యి మీద ఏముందని అడిగితే, ఆ పూట వస్తుంది.

చంద్రకాంతమ్మ ఆలోచించింది. "వండలా ఆ పొద్దు. ఊరగాయ పెడతా ఉండాను. మామిడికాయలు తరిగిచ్చే మనిషి ఆలస్యంగా వచ్చినాడు. ఈయన లేచి వాని మీదికి పోయి, కత్తిపీట తన్నినాడు. నా మీద గాదు, వాని మీద. అయినా నా గుండె జారిపోయింది. నలభై మూడేండ్లల్లో అట్ల చూళ్లా నేను."

"ఊరగాయ చాటింపుకు ముందా, వెనకా?"

"ముందే కదా! చాటింపు వేసినాక మా ఇంట్లో జాతర అయ్యేదాకా ఊరగాయ జాడీ తాకం. పది దినాల ముందు పెట్టినా…"

మాట అక్కడ ఆగిపోయిందట.

పంకజాక్షి పక్కన పెట్టిన అట్టను చూపించింది. "పిన్నమ్మా, నువ్వు రాసుకోమంటే ఇప్పుడు రాసుకుంటా. రాసింది నీకే చదివి వినిపిస్తా. తప్పుంటే చెప్పు" అంది. చంద్రకాంతమ్మ తల ఊపింది. ఆమె రాసుకుని, నిదానంగా చదివింది. "శ్రీరామనవమికి మాత్ర మొదలు. రెండు వారాలు దాటినాక ఊరగాయ దినం, మొదటి కోపం. ఆ తర్వాత పది దినాలకు చాటింపు. చాటింపు తర్వాత బండ వేషం."

"మళ్లీ చదువు."

మళ్లీ చదివింది.

"అంటే అమ్మ కాదా?"

"నేను చెప్పగూడదు పిన్నమ్మా. నువ్వు చెప్పింది నీకు చదివినాను, అంతే."

"అయితే ఆ మాత్ర… ఆ పాడు మాత్ర ఈ పొద్దే తీసి పారేయమని చెప్తా ఫోన్లో!" అని మా ఆవిడ లేచింది. పంకజాక్షి ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. పద్నాలుగేళ్లలో ఏ ఇంట్లోనూ సలహా చెప్పని మనిషి. "మాత్ర ఆపొద్దు. అది ఆపితే మూర్ఛ వస్తాది, ప్రాణానికే ముప్పు. ఇది మాత్రం నేను చెప్తా, ఎవురేమనుకున్నా సరే. మాత్ర మార్చాల్నా, తగ్గించాల్నా, అసలు తప్పు మాత్రదో కాదో, అది డాక్టరు చెప్పాల. డాక్టరుకు నువ్వు ఇన్నాళ్లూ చెప్పనిది చెప్పాల. అంతే నీ పని."

ఇంట్లో మనిషికి దెబ్బ తగిలిందని తెలిస్తే వెంటనే తెలియజేయాలని వాళ్ల నిబంధన ఉంది. బస్టాండు నుంచే ధనంజయ గారికి ఫోన్ చేసింది. ఆయన డాక్టరుకు చెప్పారు.

రెండు రోజులకు చంద్రకాంతమ్మ, నరేంద్ర ఆసుపత్రి దగ్గరికే వచ్చారు. నన్ను ఇంటి నుంచి ఒక్కణ్ణే అక్కడికి రమ్మన్నారు. డాక్టరు ఎప్పటిలాగే అడిగారు. మా ఆవిడ ఊరగాయ దినం నుంచి మూడు కుట్ల దాకా వరసగా చెప్పింది. జాతర సంగతి కూడా చెప్పింది. ఆయన నవ్వలేదు. అదే మాత్ర చాలామందికి ఏ ఇబ్బందీ చెయ్యదనీ, కొందరిలో మాత్రం ఇలా కోపం రేపుతుందనీ, ముందే తెలిసి ఉంటే ముందే మార్చేవాణ్ణనీ చెప్పారు. కొత్త మాత్ర కొద్దికొద్దిగా పెంచుతూ, పాతది కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి. ఆరు వారాలు.

బయటికొచ్చాక చంద్రకాంతమ్మతో, "నేను కాదంట చూడు" అన్నాను.

"చూద్దాం" అంది ఆమె. నుదుటి మీద కుట్ల గుర్తు ఇంకా ఎర్రగానే ఉంది. కొడుకుతో నాయుడుపేట బస్సెక్కింది.

ఆ ఆరు వారాలూ రోజూ పొద్దున ఏడింటికి ఫోన్ చేసేది. క్షేమం అడగడానికి కాదు. నన్ను రెచ్చగొట్టడానికి. "ఏం, ఈ పొద్దు కూడా ఆ పుస్తకాలు ముందేసుకుని కూసున్నావా? పాత కాగితాల అంగడికి వేసేయమని నరేంద్రతో చెప్పినా" అనేది. "మీ అక్కయ్యలు చేసిన పెండ్లిలో సాంబారు పులిసింది, తెలుసా నీకు?" అనేది. చెప్పి, చెవి ఒగ్గి వినేది. మొదటి రెండు వారాల్లో నేను రెండుసార్లు గొంతు పెంచాను. పెంచగానే ఫోన్ పెట్టేసేది. నాలుగో వారంలో పెండ్లి సాంబారు మాట మళ్లీ ఎత్తింది. "పులిసింది, నిజమే. నేనే తినలా" అన్నాను. అటువైపు ముక్కు చీదిన శబ్దం వినిపించింది.

కోపం పోవడం ఎలా ఉంటుందో రాయడం కష్టం. ఒక పొద్దున పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. నేను గుడ్డ తెచ్చి తుడిచాను. తుడుస్తూ ఉండగా తెలిసింది, నేను తుడుస్తున్నానని. అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చాను. అయితే ఒకటి ఒప్పుకోవాలి. చేసినదానికంతా మాత్రదే బాధ్యత అని చేతులు దులుపుకోవడం నాకు చాతకాలేదు. కంచం విసిరింది ఈ చెయ్యే. ఆ మాట ఫోన్లో చంద్రకాంతమ్మకు చెప్పాను. క్షమించమని అడిగాను. "నీ నోట్లోంచి ఇంత పొడుగు మాట వినేదానికి నలభై మూడేండ్లు పట్టింది" అంది, అంతే.

జనవరిలో రెండో విడత ప్రశ్నలకు పంకజాక్షి వస్తానని కబురు చేసింది. చంద్రకాంతమ్మకు కూడా చెప్పింది. రెండో విడతకు ఇంటి మనిషి, రోగితో కలిసి కనీసం నెల రోజులుగా ఉంటూ ఉండాలని నిబంధన. అది మా ఆవిడకు చెప్పిందో లేదో నాకు తెలియదు. ఆ రోజు పొద్దున్నే నరేంద్ర వాళ్లమ్మను తీసుకొచ్చి దింపాడు. సాయంత్రం బస్సుకు తిరిగి వెళతామన్నాడు. ఆమె వచ్చీ రాగానే వంటింట్లోకి వెళ్లి చూసింది. "డబ్బాలన్నీ యాడబోయినాయి?" అంది. అన్నీ కింది అరలోకి మార్చాను, ఆమెకు భుజం నొప్పి కదా అని. ఆమె వంగి ఒక డబ్బా తీసి మూత విప్పి చూసింది.

పంకజాక్షి వచ్చింది. నీళ్లు తాగింది. నా ప్రశ్నలు నన్ను అడిగింది. "స్వతహాగా కోపిష్టా?" దగ్గర ఈసారి నేను ఆగాను. "తెలియదమ్మా. కాదనుకుంటున్నాను. ఉన్నా, ఇప్పుడు నా చేతిలో ఉంది" అన్నాను. రాసుకుంది. తర్వాత నన్నూ నరేంద్రనూ వీధి అరుగు మీదికి పంపేసి తలుపు దగ్గరగా వేసింది.

మా ఇల్లు చిన్నది. కిటికీ తెరిచే ఉంది. వినకూడదు, విన్నాను. నా పక్కన నరేంద్ర కూడా విన్నాడు.

"ఇప్పుడు నువ్వు ఈయనతో కలిసి ఉంటా ఉండావా పిన్నమ్మా?"

వీధిలో వరదమ్మ ఎవరినో కేకేస్తోంది.

"ఉండాను" అంది చంద్రకాంతమ్మ.

"ఎప్పటి నుంచి రాయమంటావు?"

"ఈ పొద్దుటి నుంచి రాసుకో అమ్మణ్ణీ."

నరేంద్ర నా వైపు తిరిగాడు. నేను వాడి వైపు చూడలేకపోయాను.

లోపల పంకజాక్షి గొంతులో నవ్వు, నిష్ఠూరం రెండూ కలిశాయి. "ఏంది పిన్నమ్మా నువ్వు! ఈ పొద్దుటి నుంచి అంటే నీ జవాబులు చెల్లవు. నెల దినాలు కలిసి ఉండాల. నేను ఇంత దూరం వచ్చింది దండగే."

"దండగ ఏముండాది? అన్నం తిని పో. నెల దాటినాక మళ్లా రా, అన్నీ చెప్తా."

పంకజాక్షి ఫారం మడిచి సంచిలో పెట్టుకుంది. తలుపు తీసి, "మీ ఇంటిది చెల్లలేదు సార్, మళ్లా రావాల" అని నాతో అంది. ఆ విడతలో ఆమెకు ఇంకా పన్నెండు ఇళ్లు మిగిలి ఉన్నాయి. అయినా కూర్చుని అన్నం తిని వెళ్లింది.

నరేంద్ర ఆ సాయంత్రం ఒక్కడే బస్సెక్కాడు. పంకజాక్షి చెప్పినట్టే ఫిబ్రవరిలో, సరిగ్గా నెలా రెండు రోజులకు, మళ్లీ వచ్చింది. చంద్రకాంతమ్మ నన్ను అరుగు మీదికి పంపి, ఈసారి కిటికీ కూడా మూసేసి, రెండు గంటలు జవాబులు చెప్పింది.